విశాఖ ఉక్కు నుంచి అరకు దాకా: రైలు తీగల్ని ఫొటోలోంచి తీసేయకండి

డిసెంబర్ రెండో వారంలో ఆరు రోజులు సెలవు పెట్టి విశాఖ, అరకు వస్తున్నామని రాశారు. క్రాప్ సెన్సర్ కెమెరా ఒకటి, 18-55, 70-300 లెన్సులు ఉన్నాయన్నారు. స్టీల్ ప్లాంటు, పోర్టు, అరకు మూడూ తీయాలి, పర్మిషన్లు ఎలా, ఏ టైమ్‌కి ఎక్కడ ఉండాలి, డ్రోన్ తేవచ్చా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: "పోయినసారి అరకులో తీసిన ఫొటోలన్నిట్లో రైలు తీగలు, స్తంభాలు అడ్డొచ్చాయి, వాటిని ఎలా తప్పించాలి?"

ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా వాటికి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది.

ఆ తీగలు ఎందుకున్నాయో ఒక్కసారి చూడండి. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల ఆ లైను (మేమంతా కేకే లైన్ అంటాం) పర్యాటకుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి, ఆ జపాన్ సహకారంతోనే 1960ల్లో వేశారు. కొండల్ని తొలిచి 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు కట్టారు. ఈ రోజుకీ మీరు అరకులో టీ తాగుతుంటే పక్కనుంచి వెళ్లే గూడ్సులో ఎర్రగా కనిపించేది ఆ ఖనిజమే. అందులో కొంత పోర్టుకు వెళుతుంది, కొంత గాజువాక పక్కన స్టీల్ ప్లాంటు ఫర్నేసులోకి వెళుతుంది. మీరు తీయాలనుకున్న మూడు చోట్లనూ కలుపుతున్నది ఈ లైనే. దాన్ని ఫ్రేమ్‌లోంచి తప్పిస్తే మీకు మిగిలేది ఎక్కడైనా దొరికే ఒక పచ్చటి లోయ, ఎక్కడైనా కనిపించే ఒక పొగగొట్టం.

నేను ఇరవై ఆరేళ్లుగా ఫ్యాక్టరీల ఫొటోలు తీస్తున్నాను. కంపెనీల వార్షిక నివేదికలు, సేఫ్టీ పోస్టర్లు, యంత్రాల కేటలాగులు, ఇవే నా పని. సెలవు దొరికితే అరకు, పాడేరు వైపు వెళతాను. మొదటి పదేళ్లు నేనూ మీలాగే తీశాను. ప్లాంటులో వెనక కొండ కనిపిస్తే పక్కకు జరిగేవాణ్ణి, అరకులో స్తంభం కనిపిస్తే వంగి తప్పించేవాణ్ణి. ఇప్పుడు ఆ పాత ఫొటోలు తిరగేస్తే ఏది ఎక్కడ తీశానో నాకే గుర్తు రావడం లేదు. కొండ, స్తంభం రెండూ ఉన్న కొన్ని మాత్రం చూడగానే ఊరితో సహా గుర్తొస్తాయి.

ఇక పర్మిషన్ల సంగతి. విశాఖలో దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరిది. ఎయిర్‌పోర్టు కూడా నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరమే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రాంతాల ఫొటోలు తీస్తే కేసు పెట్టవచ్చు. డాల్ఫిన్స్ నోస్ కొండ, యారాడ వెళ్లే దారిలో ఫొటోలు నిషేధమని బోర్డులు కనిపిస్తాయి. అవి ఉన్నంత దూరం కెమెరాను బ్యాగులో పెట్టి జిప్ వేసేయండి. మెడలో వేలాడుతున్నా అనుమానమే. యారాడ బీచ్‌కి దిగాక సముద్రం, కొండ తీసుకోండి, నేవీ ఓడ కనిపిస్తే కెమెరా దించేయండి. షిప్‌యార్డు విషయమూ అంతే. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ఓడ జల ఉష 1948లో జలప్రవేశం చేసింది అక్కడే. చరిత్ర ఎంత గొప్పదైనా గోడ బయట నుంచి టెలీ లెన్స్ పెట్టకండి.

స్టీల్ ప్లాంటు లోపలికి పర్యాటకుడిగా వెళ్లి ఫొటోలు తీసుకోవడం కుదరదు. కాపలా కాసేది సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం). లోపల తీయాలంటే ముందుగా ప్లాంటు ప్రజాసంబంధాల విభాగానికి ఉత్తరం రాయాలి. ఎవరు వస్తున్నారు, ఏ తేదీల్లో, ఎందుకు, ఫొటోలు ఎక్కడ వాడతారు, కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లు ఏమిటి, ఇవన్నీ అందులో ఉండాలి. గుర్తింపు కార్డుల నకళ్లు జతచేయండి. "ప్లాంటు అంతా తీయాలి" అని రాస్తే ఉత్తరం పక్కన పడిపోతుంది. "బ్లాస్ట్ ఫర్నేస్ క్యాస్ట్ హౌస్, రెండు గంటలు" అని రాస్తే ఎవరో ఒకరు చదువుతారు, ఎందుకంటే అది ఏ విభాగానికి పంపాలో వాళ్లకు తెలుస్తుంది. (బ్లాస్ట్ ఫర్నేస్ అంటే ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి, క్యాస్ట్ హౌస్ అంటే కరిగిన ఇనుము దాని అడుగు నుంచి బయటికి వచ్చే షెడ్డు.) జవాబుకు వారాలు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. కాబట్టి ఉత్తరం ఇవాళే పంపి, మీ ఆరు రోజుల ప్లాన్ మాత్రం బయట నుంచి తీసే ఫొటోలతోనే వేసుకోండి. అనుమతి వస్తే ఒక పూట మార్చుకోవచ్చు.

రిఫైనరీ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న రిఫైనరీ మంట రాత్రిపూట ఊళ్లో చాలా చోట్ల నుంచి కనిపిస్తుంది, మనసు లాగుతుంది. దూరం నుంచి నగరం మొత్తంలో ఒక భాగంగా తీసుకోండి, గోడ దగ్గరికి వెళ్లకండి. అలాంటి చోట లోపల బ్యాటరీ ఉన్న మామూలు కెమెరాను కూడా నిప్పురవ్వ పుట్టించే వస్తువు కిందే లెక్కేస్తారు. గ్యాస్ టెస్ట్ చేసి, వెల్డింగ్ పనికి ఇచ్చినట్టే వర్క్ పర్మిట్ రాసి ఇస్తే తప్ప కెమెరా ఆన్ చేయనివ్వరు. మా పనిలో ఇది మామూలే. ఫ్లాష్ అయితే అడగను కూడా అడగం.

అదృష్టం బాగుండి క్యాస్ట్ హౌస్‌లోకి వెళ్లనిచ్చారనుకుందాం. అప్పుడు ఏం చేయాలో కొంచెం వివరంగా చెబుతాను, అక్కడ రెండోసారి అవకాశం రాదు.

విశాఖ ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. (ఈ పేర్లు క్యాప్షన్లలో తప్పకుండా రాయండి. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీలో కొలిమికి నది పేరు పెట్టుకున్నారంటే అది ఉత్త నంబరు కాదు.) ఫర్నేస్ అడుగున ట్యాప్ హోల్ అనే రంధ్రాన్ని డ్రిల్లుతో తెరుస్తారు. 1,500 డిగ్రీలకు అటూ ఇటూ వేడితో కరిగిన ఇనుము రన్నర్ అనే కాలువలో పారి కింద నిలబడ్డ లాడిల్ అనే పెద్ద పాత్రలో పడుతుంది. పని అయ్యాక మడ్ గన్‌తో మట్టి కూరి మూసేస్తారు. తెరిచిన మొదటి నిమిషాల్లో పొగ, రవ్వలు ఎక్కువ. అందరూ అప్పుడే టకటకా నొక్కేస్తారు. ఓపిక పట్టండి. ధార స్థిరపడ్డాక పొగ పలచబడి, ఆ ఎర్రటి వెలుగు పైకప్పు దూలాల మీద, మనుషుల సిల్వర్ కోట్ల మీద పడుతుంది. ఫొటో అక్కడ ఉంది. మూసేసే ముందు గ్యాస్ తన్ని మళ్లీ రవ్వలు ఎగజిమ్ముతాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. ఎస్కార్ట్‌గా వచ్చిన ఆయన వెనక్కి రమ్మంటే మధ్యలో ఇంకొక్క ఫొటో అనకండి.

ఎక్స్‌పోజర్ దగ్గర కొత్తవాళ్లంతా ఒకటే తప్పు చేస్తారు. కెమెరా చూపించే మామూలు హిస్టోగ్రామ్‌ను (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్‌ను) నమ్ముతారు. కరిగిన ఇనుము నుంచి వచ్చేదంతా ఎరుపు, నారింజ వెలుగు. మొత్తం వెలుతురు సరిపోయినట్టు కనిపిస్తుంటే లోపల ఎరుపు ఛానెల్ ఎప్పుడో హద్దు దాటిపోయి ఉంటుంది, ఇంటికెళ్లి చూస్తే ధార స్థానంలో పసుపు పెయింట్ పూసినట్టు ఒక పట్టీ. మెనూలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు కుడి గోడకు తగలకుండా చూసుకోండి. నేను మాన్యువల్‌లో ఐఎస్ఓ 800, ఎఫ్ 4, సెకనులో 250వ వంతు దగ్గర మొదలుపెట్టి అక్కడి నుంచి సర్దుకుంటాను. రా ఫైల్ తప్పనిసరి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఆ వేడి రంగును కెమెరా చల్లార్చేస్తుంది. పగటి వెలుతురు సెట్టింగ్ పెట్టి వదిలేయండి.

ఫ్రేమ్‌లో ఒక మనిషి ఉండాలి. ఫర్నేస్ ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలిసేది పక్కన నిలబడ్డ మనిషిని బట్టే. అయితే ఆ మనిషి గురించి ఒక సంగతి వినండి. చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడి ఫొటో తీశాను. వెనక నుంచి వెలుగు, ముఖం మీద చెమట, నాకు బాగా నచ్చిన ఫొటో. నోటీసు బోర్డులో కూడా పెట్టారు. అందులో అతని హెల్మెట్ స్ట్రాప్ గడ్డం కింద పెట్టుకోలేదని ఎవరో చూశారు. అతన్ని రెండు రోజులు గేటు బయట నిలబెట్టారు. రెండు రోజుల కూలీ నా ఫొటో వల్ల పోయింది. వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగాను, ఆ కూలీ డబ్బు ఇచ్చాను. అతను ఏమీ అనలేదు, అదే ఇంకా బాధేసింది. అప్పటి నుంచి కెమెరా ఎత్తే ముందు స్ట్రాప్, గ్లోవ్స్, ఎత్తులో ఉంటే బెల్టు హుక్ చూస్తాను. "తమ్ముడూ, స్ట్రాప్ ఒక్కసారి పెట్టుకో" అని అడిగి, అతను పెట్టుకున్నాకే తీస్తాను. మీరూ అలాగే చేయండి. బయటికి వచ్చే ముందు ఫొటోలన్నీ ఎస్కార్ట్‌కు చూపించండి. కంట్రోల్ రూమ్ తెరలు, గేట్లు, సీసీ కెమెరాలు పడి ఉంటే ఆయన ముందే తీసేయండి.

ప్లాంటులో లెన్స్ మార్చకండి, అసలు మార్చకండి. ఖనిజం దుమ్ము గరుకుగా ఉంటుంది, గుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే గుడ్డ. కరిగిన ఇనుము దగ్గర గాలిలో మెరుస్తూ పలచటి రేకులు ఎగురుతుంటాయి, అవి గ్రాఫైట్. వాటి గుండా కరెంటు పారుతుంది. కెమెరా లోపలికి వెళితే సర్క్యూట్ పోతుంది. 18-55 పెట్టుకుని లోపలికి వెళ్లి అదే పెట్టుకుని బయటికి రండి. ముందు ఒక మామూలు యూవీ ఫిల్టర్ ఉంచండి. ఒకచోట రోలింగ్ మిల్లులో రవ్వ తగిలి నా ఫిల్టర్ పగిలింది, లెన్స్ బతికింది.

ఇంకో చిన్న విషయం, తెలిస్తే క్యాప్షన్ తప్పు రాయరు. చాలా ఉక్కు ఫ్యాక్టరీల్లో కాలుతున్న కోక్ (బొగ్గు నుంచి చేసే కొలిమి ఇంధనం) మీద నీళ్లు పోసి ఆర్పుతారు, అప్పుడు పెద్ద తెల్లటి మబ్బు లేస్తుంది. విశాఖలో కోక్‌ను నైట్రోజన్ వాయువుతో చల్లార్చే పద్ధతి పెట్టారు, ఆ వేడితో ఆవిరి తయారుచేసి వాడుకుంటారు. కాబట్టి ఆ మబ్బు కోసం ఇక్కడ ఎదురుచూడకండి. పరవాడ వైపు వెళితే సింహాద్రి థర్మల్ కేంద్రం (2,000 మెగావాట్లు) కూలింగ్ టవర్ల మీద కనిపించే తెల్లదనం కూడా నీటి ఆవిరి. దాన్ని 'పొగ కక్కుతున్న' అని రాసేవాళ్లను చాలామందిని చూశాను. కాలుష్యం మీద ఫొటో తీయాలనుకుంటే తీయండి, అది అవసరమైన పని, కానీ ఆవిరిని చూపించి పొగ అని చెప్పకూడదు.

బయట నుంచి తీసేటప్పుడు వేళ చాలా ముఖ్యం. డిసెంబర్ మధ్యలో విశాఖలో సూర్యోదయం సుమారు 6:20కి, అస్తమయం సుమారు 5:25కి. సూర్యుడు దిగిన తర్వాత పావుగంట నుంచి అరగంట లోపు ఆకాశం నీలం, ఫ్యాక్టరీ దీపాల పసుపు ఒకదానికొకటి సరితూగుతాయి. మన దగ్గర ఆ సమయం చాలా తక్కువ. ఐదున్నర కల్లా ట్రైపాడ్ వేసి, ఫోకస్ లాక్ చేసుకుని సిద్ధంగా ఉండాలి. అప్పుడు బ్యాగ్ తెరిస్తే ఆలస్యమైపోయినట్టే. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 పెట్టి షట్టర్ మాత్రం మారుస్తూ పోండి. ఆవిరి ఆకారం కనిపించాలంటే ఒకటి రెండు సెకన్లు దాటకండి. ఇరవై సెకన్లు తెరిస్తే ఆవిరి పాలు కలిపిన నీళ్లలా అయిపోతుంది. అలా తీయడం అందరికీ ఇష్టం, నాకు ఇష్టం లేదు.

ఎక్కడి నుంచి అంటే, నా మొదటి ఎంపిక అప్పికొండ. సముద్రం ఒడ్డున పాత సోమేశ్వరాలయం, ఇసుక, దూరంగా ప్లాంటు చిమ్నీలు. శివాలయం గోపురం, పొగగొట్టం ఒకే ఫ్రేమ్‌లో రావాలంటే వెనక్కి నడిచి 70-300తో 150 దగ్గర తీయండి. దగ్గరికి వెళ్లి వైడ్‌లో తీస్తే గుడి పెద్దగా, చిమ్నీలు అగ్గిపుల్లల్లా వస్తాయి. గుడికి వచ్చినవాళ్లను అడగకుండా తీయకండి, చీకటి పడ్డాక ఒంటరిగా ఉండకండి. ట్రైపాడ్ చూసి కాపలావాళ్లు వచ్చి అడిగితే నవ్వుతూ స్క్రీన్ చూపించండి, వాదన పెట్టుకోకండి. పొమ్మంటే వెళ్లిపోవడమే.

చిమ్నీలు, టవర్లు వంకరగా వెనక్కి పడిపోతున్నట్టు రావడానికి కారణం కెమెరాను పైకి ఎత్తడమే. కెమెరా నేలకు సమాంతరంగా ఉంచి, దూరం పెంచండి, లేదా కొంచెం ఎత్తైన చోటు వెతుక్కోండి. మిగిలిన కాస్త వంకర కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజు 'వెలుతురు బాలేదు' అని గదిలో కూర్చోకండి. జర్మనీలో ఫొటోగ్రాఫర్లు బెషర్ దంపతులు నీటి ట్యాంకులు, కొలిములు దశాబ్దాల పాటు మబ్బు పట్టిన ఆకాశం కిందే తీశారు. నీడలు లేకపోతే ఇనుప కట్టడం ఆకారం ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. మన దేశంలో ఈ పనికి ఒక స్థాయి తెచ్చిన మిత్తర్ బేడీ నలుపు తెలుపు ఫొటోలు దొరికితే చూడండి. పైపులు, పొగగొట్టాలు వరసగా పేర్చినప్పుడు ఎంత లయ వస్తుందో తెలుస్తుంది.

పోర్టు లోపలి సంగతి వదిలేయండి, ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. విశాఖలో నన్ను ఒక్కచోట ఎంచుకోమంటే ఇదే. తెల్లవారుజామున ఐదున్నరకల్లా చేరండి. మరబోట్లు ఒడ్డుకు చేరుతుంటాయి, వేలం పాట మొదలవుతుంది, గంపలు, ఐసు, కేకలు. వెనకాల కంటెయినర్లు ఎత్తే పెద్ద క్రేన్లు. రెండు రకాల పనులు, రెండు రకాల కాలాలు ఒక్క చూపులో కనిపిస్తాయి. అక్కడ టెలీ లెన్సుతో దూరం నుంచి దొంగచూపు చూడకండి. 18-55 పెట్టుకుని మధ్యలోకి వెళ్లి ముందు కాసేపు వేలం చూడండి. "అక్కా, ఒక ఫొటో తీసుకోనా?" అంటే చాలావరకు సరే అంటారు, వద్దంటే వద్దు. బేరం జరుగుతున్నప్పుడు దారికి అడ్డం నిలబడకండి, వాళ్లకు ఆ అరగంటే రోజు సంపాదన. మంచి చెప్పులు కాదు, తడిసినా పర్లేదనుకునేవి వేసుకోండి. మీరు వచ్చేది డిసెంబర్ కాబట్టి ఇబ్బంది లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా వేట నిషేధం, అప్పుడు వస్తే లంగరేసిన బోట్లే కనిపిస్తాయి.

కైలాసగిరి ఉదయం మంచిది. సముద్రం మీద నుంచి వెలుగు పక్కగా పడి ఊరి వంపు అంతా, చివర డాల్ఫిన్స్ నోస్ దాకా తేలుతుంది. చలికాలం ఉదయాల్లో కొండల మధ్య మంచు, పొగ కలిసి నిలిచిపోతాయి, టెలీలో పొరలు పొరలుగా వస్తాయి. ఎర్రమట్టి దిబ్బలకు సాయంత్రం వెళ్లండి, ఆ గట్ల మీద ఎక్కకండి, వర్షానికే కరిగే మట్టి అది.

ఇప్పుడు రైలు. పొద్దున్నే ఏడు లోపు విశాఖలో బయల్దేరే కిరండోల్ ప్యాసింజర్ ఎక్కండి, టైము ముందురోజు చూసుకోండి. పెద్ద అద్దాలుండే విస్టాడోమ్ పెట్టెలో కూర్చుంటే చూపు బాగుంటుంది, ఫొటోకు మాత్రం అద్దం అడ్డు. నల్లటి చొక్కా వేసుకుని, లెన్స్ హుడ్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల గుడ్డ చుడితే ప్రతిబింబాలు పోతాయి. మామూలు పెట్టెలో కిటికీ తెరిచి ఉంటుంది, నాకు అదే ఇష్టం. బొద్దవర దాటాక ఘాట్ మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, ఆపైన శిమిలిగూడ. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. లోయ ఒకసారి ఇటు, ఒకసారి అటు వస్తుంది, ఒక సీటుకు అతుక్కుపోవద్దు. తలుపు దగ్గర వేలాడి తీయడం మాత్రం చేయకండి. సొరంగం గోడ మీరు అనుకున్న దానికన్నా దగ్గరగా ఉంటుంది, చీకట్లోంచి వచ్చేదాకా కనిపించదు.

సొరంగం నుంచి బయటపడే క్షణాన్ని చాలామంది పోగొట్టుకుంటారు. కెమెరా చీకటికి అలవాటుపడి ఉంటుంది, వెలుగు రాగానే ఫొటో మొత్తం తెల్లబడిపోతుంది. సొరంగంలోకి వెళ్లకముందే బయటి వెలుతురుకు మాన్యువల్‌లో సెట్ చేసి ముట్టుకోకుండా వదిలేయండి. రైలు వంపు తిరిగినప్పుడు ముందు పెట్టెలు, పైన తీగ, కింద లోయ, అన్నీ కలిసి వస్తాయి. మీరు తప్పించాలనుకున్న ఆ స్తంభాలే అక్కడ లోతును కొలిచి చూపిస్తాయి. దగ్గరది పెద్దగా, ఆ తర్వాతది చిన్నగా, చివరిది కొండ మీద గీతలా. అది లేకపోతే ఆ లోయ ఎంత లోతో ఫొటోలో తెలియదు.

ఇక ఎదురుగా వచ్చే గూడ్సు. ఘాట్‌లో నిండు వ్యాగన్లు విశాఖ వైపు దిగుతాయి, ఖాళీవి పైకి ఎక్కుతాయి. దిగే గూడ్సు నింపాదిగా వస్తుంది, కాబట్టి తొందర అక్కర్లేదు. స్టేషన్‌లో క్రాసింగ్‌కు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నుంచే తీయండి. పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. దానికన్నా ముఖ్యం, కొండ వంపుల్లో రైలు చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఊరివాళ్లే మోసపోతారు.

బొర్రా గుహలకు ఒక గంట చాలు నా దృష్టిలో. కెమెరాకు వేరే టికెట్ ఉంటుంది. రంగు దీపాలు వేసి ఉంచారు, వాటిని తెల్లగా చేయాలని కుస్తీ పట్టకండి. పైకప్పు చీలికలోంచి పగటి వెలుతురు పడేచోట నిలబడి, కింద నడిచే మనుషులతో తీయండి. లోపల తేమ ఎక్కువ. ఏసీ కారు దిగి నేరుగా వెళితే లెన్స్ మీద తేమ పడుతుంది. అరగంట ముందే బ్యాగ్ మూసి ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

అరకులో డిసెంబర్ అంటే వలిసె పూల చివరి రోజులు, కాఫీ పండ్లు ఎర్రబడే రోజులు. ఆ పసుపు రంగు వలిసె చేలోకి అందరూ దిగి పడుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. అది ఒకరి పంట, నూనె గింజలు అమ్ముకునే పంట. గట్టు మీద నుంచే తీయండి. పక్కన రైతు ఉంటే అడగండి, కొందరు లోపలికి రావడానికి కొంత డబ్బు తీసుకుంటున్నారు, అది న్యాయమే. కాఫీ తోటల్లో నీడ మచ్చలు మచ్చలుగా ఉంటుంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ, మధ్యలో పండ్లు కోసే చేతులు. మధ్యాహ్నం ఎండలో ఇది గందరగోళంగా వస్తుంది, ఎనిమిది లోపు లేదా మబ్బు పట్టినప్పుడు తీస్తే ఆ ఎరుపు నిలుస్తుంది.

వంజంగి కొండ మీద మేఘాల కోసం పాడేరు వైపు రాత్రే చేరుకుని, చీకట్లో కొండ ఎక్కాలి. సెలవు రోజుల్లో జాతరలా ఉంటుంది, మధ్యవారంలో పెట్టుకోండి. సూర్యుడి కోసం అందరూ తూర్పు చూస్తుంటే మీరు ఒకసారి వెనక్కి తిరగండి, వెలుగు ముందు పడేది ఆ వెనకున్న మబ్బు మీదే. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తక్కువ పెట్టండి, తెల్లటి మబ్బులో వివరాలు నిలబడతాయి.

డ్రోన్ తేవద్దు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. కానీ రెడ్ జోన్‌లో (డ్రోన్లు ఎగరేయకూడదని గుర్తించిన ప్రాంతంలో) దానికీ కేంద్రం అనుమతి కావాల్సిందే. నేవీ, ఎయిర్‌పోర్టు, పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ అన్నీ ఉన్న ఊళ్లో రెడ్ జోన్ గీత ఎక్కడుందో వెతుక్కుంటూ సెలవు గడపకండి. అరకులో ఎగరేయాలనుకున్నా ముందు ప్రభుత్వ ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూడండి, ఊళ్లో అడగండి.

లెన్సుల కోసం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఉన్నవి రెండూ చాలు. డబ్బు పెట్టాలనిపిస్తే గాలికి ఊగని ట్రైపాడ్, ఒక పోలరైజర్, రెండు అదనపు బ్యాటరీలు తీసుకోండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగుతాయి, జేబులో పెట్టుకోండి.

ఇంకొంత డబ్బు ప్రింట్లకు ఉంచండి. అరకు సంతలో, గూడేల్లో మనుషుల్ని తీసేటప్పుడు ముందు కూర్చుని మాట్లాడండి. థింసా నృత్యం ఆడమని పది రూపాయలు చూపించకండి. పెద్దావిడ వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి ఫొటో కూడా తీయకండి. తీసిన వాళ్లకు ఫొటో ఇస్తానని మాటిస్తే ఇవ్వాలి. వాట్సాప్ ఉన్నవాళ్లకు అక్కడే పంపండి, లేనివాళ్ల ఊరు, పేరు, ఏ టీ కొట్టులో ఇస్తే అందుతుందో రాసుకోండి. నేను విశాఖ వచ్చాక ఆరు రూపాయలో పది రూపాయలో పెట్టి ప్రింట్లు తీయించి, తర్వాత వెళ్లే ఎవరో ఒకరి చేత పంపిస్తాను. మీ దగ్గర ప్రింట్లు తయారయ్యాక అరకు చేర్చే దారి లేకపోతే నాకు చెప్పండి. జనవరిలో నేను మళ్లీ అటు వెళుతున్నాను, తీసుకెళ్లి ఇస్తాను.